రెసిడెన్సీ కోసం పొలం అమ్మాలా?

ప్రశ్న: హనుమకొండలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. రెండేళ్లలో రిటైర్ అవుతాను. మా అమ్మాయి కాకతీయ మెడికల్ కాలేజీలో చదివి, ఎంజీఎంలో హౌస్ సర్జన్సీ ముగిస్తోంది. అమెరికాలో రెసిడెన్సీ (ఆసుపత్రిలో జీతంతో చేసే స్పెషాలిటీ శిక్షణ) చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ అన్నీ కలిపి పద్దెనిమిది లక్షలు ముందే కట్టమంటోంది. బ్యాంకులో ఆరు లక్షల డిపాజిట్ ఉంది, నెలకు ముప్పై వేలు మిగులుతాయి. నర్సంపేట వైపున్న ఎకరం అమ్మేయమంటారా?

జవాబు: అమ్మవద్దు. ఈ ఖర్చు ఒక్కసారిగా మీద పడేది కాదు. రెండేళ్లలో నాలుగు విడతలుగా వస్తుంది, ప్రతి విడతకూ ముందు ఒక ఫలితం చేతికి వస్తుంది. ఆ ఫలితం చూశాకే తరువాతి విడత డబ్బు తీయాలి. మొత్తం ముందే కట్టేస్తే, మధ్యలో ఆగే అవకాశాన్ని మీరే వదులుకున్నట్టవుతుంది.

మొదటి విడత పరీక్షలు. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలైన స్టెప్ 1, స్టెప్ 2 సీకే రెండూ హైదరాబాద్‌లోనే రాయవచ్చు. డాలరును తొంభై రూపాయలుగా లెక్కిస్తే, విదేశీ కేంద్రానికి వేసే అదనపు రుసుముతో కలిపి ఒక్కొక్కటి లక్షకు కొంచెం పైనే అవుతుంది. విదేశీ వైద్య పట్టభద్రులకు అర్హత ధ్రువపత్రం ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సంస్థ రుసుములు, ఓఈటీ ఆంగ్ల పరీక్ష, ప్రశ్నల బ్యాంకుల చందాలు కలిపి నాలుగు లక్షలు అనుకోండి. డిపాజిట్ నుంచి తీయండి. 2022 జనవరి నుంచి స్టెప్ 1లో మార్కులు ఇవ్వడం లేదు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే చెబుతున్నారు. అందువల్ల స్టెప్ 2 స్కోరు బరువు పెరిగింది. ఆ స్కోరు వచ్చిన రోజున, దాన్ని ఆమె కోరుకునే స్పెషాలిటీలో ఎంపికైన విదేశీ పట్టభద్రుల స్కోర్లతో పోల్చి, ముందుకు వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి.

వెళ్లాలనుకుంటే, అక్కడి ఆసుపత్రుల్లో రెండు మూడు నెలల అబ్జర్వర్‌షిప్ (వైద్యుల పనిని దగ్గరుండి గమనించడం), దాంతోపాటు వచ్చే సిఫార్సు లేఖలు అవసరమవుతాయి. ప్రయాణం, వసతి, రుసుములు కలిసి ఐదారు లక్షలు కావచ్చు. డిపాజిట్‌లో మిగిలిన రెండు లక్షలు, ఏడాదిలో మీరు కూడబెట్టే మూడు లక్షల అరవై వేలు దీనికి దాదాపు సరిపోతాయి. ఈలోగా అమ్మాయి స్థానిక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా పనిచేస్తే, ఆ జీతం సెప్టెంబరులో మొదలయ్యే దరఖాస్తులకు అక్కరకొస్తుంది. ఇటీవలి ధరల ప్రకారం ఒక స్పెషాలిటీలో మొదటి ముప్పై దరఖాస్తులకు పదకొండు డాలర్ల చొప్పున, ఆపైన ముప్పై డాలర్ల చొప్పున కట్టాలి. వంద చోట్ల పెడితే 2,430 డాలర్లు, అంటే రెండు లక్షల పైచిలుకు. ఇంటర్వ్యూలు ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నందున ఆ ప్రయాణ ఖర్చు తగ్గింది.

సీటు ఎక్కడ వచ్చిందో చెప్పే ‘మ్యాచ్’ ఫలితం మార్చిలో వస్తుంది. 2024 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 58.5 శాతం మందికి సీటు దొరికింది. అంటే ప్రతి పదిమందిలో నలుగురికి దొరకలేదు. వీరిలో బాగా చదివినవారూ ఉంటారు కాబట్టి, ఇది మీ అమ్మాయి ప్రతిభపై తీర్పుగా తీసుకోకండి. అయితే ఎన్నిసార్లు ప్రయత్నించాలో ఇప్పుడే నిర్ణయించుకోవాలి. నా సలహా రెండుసార్లు. పట్టా పొంది ఏళ్లు గడిచేకొద్దీ చాలా ప్రోగ్రాములు (శిక్షణ ఇచ్చే ఆసుపత్రులు) అలాంటివారిని తీసుకోవడానికి వెనకాడతాయి, అదే సమయంలో మీ జీతం ఆగి పెన్షన్ మొదలవుతుంది. ఇక్కడే పీజీ చేయడానికి రాసే నీట్ పీజీకి గరిష్ఠ వయోపరిమితి లేదు కాబట్టి ఆ దారి తెరిచే ఉంటుంది.

సీటు ఇప్పిస్తామని ఎవరు చెప్పినా నమ్మవద్దు. అభ్యర్థి, ప్రోగ్రాము వేర్వేరుగా ఇచ్చే ప్రాధాన్య జాబితాలను కంప్యూటర్ జతపరుస్తుంది, మధ్యవర్తికి అందులో చోటే లేదు. కన్సల్టెన్సీకి కట్టదలిస్తే అబ్జర్వర్‌షిప్ వంటి ఒక్కో సేవకు విడిగా, రసీదు తీసుకుని కట్టండి.

ఇక వీసా. చాలామంది వెళ్లేది జే-1 మీద. దానిపై బయట అదనపు డ్యూటీలు చేసి సంపాదించడానికి వీలుండదు. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో గడపాలి, లేదా వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో పనిచేసేందుకు ఒప్పుకుని మినహాయింపు పొందాలి. తొలి ఏడాది జీతం సాధారణంగా అరవై, డెబ్బై వేల డాలర్ల మధ్య ఉంటుంది. పన్ను, అద్దె పోగా మిగిలేది కొంతే కాబట్టి, ఆమె జీతం చూసి ఇక్కడ పెద్ద అప్పు చేయవద్దు.

సీటు ఖాయమయ్యాక టికెట్లు, ఇంటి అడ్వాన్సు, తొలి నెలల ఖర్చులకు నాలుగు లక్షలు కావాలి. జులైలో చేరితే తొలి జీతం వచ్చేదాకా ఖర్చు చేతినుంచే పెట్టాలి. ఈ ఒక్క విడతకు ఇంట్లోని బంగారంపై రుణం తీసుకోండి, అమ్మాయి ఏడాదిలో తీర్చేలా ముందే మాట్లాడుకోండి. రిటైర్‌మెంట్‌లో వచ్చే గ్రాట్యుటీ, జీపీఎఫ్ మాత్రం మీ ఇద్దరి వైద్యానికీ, జీవనానికీ అట్టిపెట్టండి.