పెదవుల దురద, వాపు... అజినోమోటోనే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. మాది నెల్లూరు, పదిహేనేళ్లుగా చెన్నైలో ఉంటున్నాం. నాకూ మా అమ్మాయికీ థాయ్, కొరియన్, చైనీస్ వంటలంటే ప్రాణం. శనివారం సాయంత్రాలు ఇద్దరం కలిసి ఇంట్లో వండుకుంటాం. నెలకు రెండుసార్లు బయట తింటాం, పారిస్ కార్నర్ వైపు వెళ్తే బీచ్ స్టేషన్ దగ్గర బర్మా నూడుల్స్ అత్తో కూడా వదలం. జనవరిలో అన్నానగర్‌లో ఒక రెస్టారెంట్‌లో రొయ్యల డంప్లింగ్స్, గ్రీన్ కర్రీ తిన్న అరగంటకి పెదవులు చురచురలాడాయి, మెడ మీద దద్దుర్లు వచ్చాయి. సిట్రజిన్ వేసుకుంటే తగ్గింది. మార్చిలో సీసా పేస్ట్‌తో ఇంట్లో కూరగాయల రెడ్ కర్రీ చేసుకుంటే మళ్లీ పెదవులు దురద, కొంచెం వాపు. రెండు వారాల క్రితం రాత్రి టోఫూ నూడుల్స్ తిని పడుకున్నాను. తెల్లారి లేచేసరికి పై పెదవి బాగా వాచి ఉంది. దురద లేదు, గొంతు కాస్త బొంగురుపోయింది. రెండు సిట్రజిన్ వేసుకున్నా మర్నాటికి గానీ తగ్గలేదు. ఇదంతా అజినోమోటో వల్లేనా? అది లేని సోయా సాస్ ఏది కొనాలి? బయట తినడానికి వెళ్లే ముందే సిట్రజిన్ వేసుకోవచ్చా? ఎనిమిది నెలలుగా బీపీకి రామిప్రిల్ 5 వాడుతున్నాను, మామూలు ఉప్పు మానేసి లో-సోడియం ఉప్పు వాడుతున్నాను. ఏసీ పడక పొడిదగ్గు ఉంది. వంట మాత్రం మానేయమనకండి.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు మీ ఉత్తరం చివరికి వస్తాను. రామిప్రిల్ వాడుతున్నారు, పొడిదగ్గు ఉంది, దురద లేకుండా పెదవి వాచింది, గొంతు బొంగురుపోయింది. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే ఏ డాక్టరైనా కుర్చీలో ముందుకు జరుగుతాడు. రామిప్రిల్ తర్వాతి డోసు వేసుకోవడానికి ముందే, ఆ మాత్ర రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఇది చదివిన రోజే చేయండి. పెదవి వాచిన సంగతి, దగ్గు సంగతి రెండూ చెప్పండి. ఆయన దొరక్కపోతే దగ్గర్లో ఉన్న ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. మిమ్మల్ని చూడకుండా, మీ కాగితాలు చూడకుండా ఇదే రోగం అని నేను ఖాయంగా చెప్పలేను. కానీ ఆగి చూద్దాం అనుకునే విషయం మాత్రం కాదిది.

కారణం చెబుతాను. రామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్ లాంటి మాత్రలు మంచి మందులే, ఎంతోమంది గుండెనూ కిడ్నీలనూ కాపాడుతున్నాయి. అవి అడ్డుకునే ఎంజైమ్‌కు ఇంకో పని కూడా ఉంది, బ్రాడికైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడం. మందు వల్ల ఆ పని తగ్గి బ్రాడికైనిన్ పేరుకుంటే కొందరికి పొడిదగ్గు వస్తుంది. బహు కొద్దిమందికి సన్నని రక్తనాళాల నుంచి నీరు బయటికి ఊరి పెదవులు, నాలుక, గొంతు వాస్తాయి. మందు మొదలుపెట్టిన వారంలోనే రావాలని లేదు, నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ఈ వాపులో సాధారణంగా దురద ఉండదు, దద్దుర్లు ఉండవు. సిట్రజిన్‌కి లొంగదు, ఎందుకంటే సిట్రజిన్ అడ్డుకునేది అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్‌ని, బ్రాడికైనిన్‌ని కాదు. మీ మూడో వాపు రెండు మాత్రలు వేసినా మర్నాటిదాకా తగ్గలేదన్నారు చూడండి, నా అనుమానం అక్కడే బలపడింది.

అలాగని బీపీ మందు మీ అంతట మీరు మానేసి ఊరుకోవద్దు. దాని బదులు వాడదగ్గ వేరే రకాలు చాలా ఉన్నాయి, మీకు ఏది సరిపోతుందో మీ డాక్టర్ చూసి మారుస్తారు. మార్చిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు ఇలాంటి వాపు మళ్లీ రావచ్చు కాబట్టి ఇంట్లోవాళ్లకి చెప్పి ఉంచండి. లో-సోడియం ఉప్పు గురించి కూడా అడగండి. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. రామిప్రిల్ లాంటి మందులు వాడేవాళ్లకి ఒంట్లో పొటాషియం పెరిగే అవకాశం ఉంది. ఒకసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించకుండా ఆ ఉప్పు కొనసాగించొద్దు.

ఇక మొదటి రెండుసార్లు జరిగింది వేరే కథలా ఉంది. రొయ్యలు తిన్న అరగంటకి చురచుర, దద్దుర్లు, దురద, సిట్రజిన్‌కి తగ్గడం... ఇది రొయ్యలు పడకపోవడమేమో అని ముందు అనుమానించాలి. నెల్లూరులో పుట్టిన మనిషికి ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది. చిన్నప్పటి నుంచి తింటున్నాను కదా, ఇప్పుడు పడకపోవడమేంటి అంటారు మీరు. పెద్దయ్యాక కొత్తగా మొదలయ్యే తిండి అలర్జీల్లో రొయ్యలు, పీతలదే పెద్ద వాటా. వాటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, ఎక్కువమందికి పడనిది అదే. ఎంత వేయించినా, ఎంత ఉడికించినా చావదు. ఇలాంటి ప్రొటీనే బొద్దింకల్లో, ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల్లో కూడా ఉంటుంది.

మార్చిలో రొయ్యలు వేయలేదు కదా అంటారేమో. ఇప్పుడు లేచి ఫ్రిజ్ తెరిచి ఆ రెడ్ కర్రీ పేస్ట్ సీసా బయటికి తీయండి. వెనక అంటించిన దిగుమతి స్టిక్కర్ మీద సన్నటి అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. మిరపకాయ, నిమ్మగడ్డి, వెల్లుల్లి, ఉప్పు... వాటి వెంట ష్రింప్ పేస్ట్ అని ఉందేమో వెతకండి. చాలా బ్రాండ్లలో ఉంటుంది. చిన్న రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి, ఎండబెట్టి, నూరిన ముద్ద అది. థాయ్‌లాండ్‌లో కపి అంటారు, మలేసియాలో బెలాచన్, ఇండోనేసియాలో తెరాసి. మీరు కూరగాయలే వేసి ఉంటారు, రొయ్య సీసాలోంచి వచ్చి ఉంటుంది. కిమ్చీ కూడా అంతే. కొరియావాళ్లు సంప్రదాయంగా చేసే కిమ్చీలో ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు, ఫిష్ సాస్ వేస్తారు. పైకి చూస్తే క్యాబేజీ పచ్చడే. టామ్ యమ్ పేస్ట్, సంబల్, ఎక్స్‌ఓ సాస్, వీటన్నిటికీ లేబుల్ చదవాల్సిందే. ఆయిస్టర్ సాస్‌లో ఉండేది ఆల్చిప్పల సారం. రొయ్యలు పడనివాళ్లందరికీ అది పడకుండా పోదు, కానీ పరీక్ష అయ్యేదాకా పక్కన పెట్టండి. పుట్టగొడుగులతో చేసిన రకం దొరుకుతుంది. అత్తో బండి దగ్గర కూడా అడగండి. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన రుచి అది, బర్మా వంటలో ఎండు రొయ్యల పొడి వాడకం మామూలే.

అజినోమోటో సంగతికి వస్తే, ఈ మూడింటిలో దేనికీ దాన్ని తప్పుపట్టే ఆధారం నాకు కనపడలేదు. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచు నుంచి ఆ రుచిని విడదీశారు. టమాటాలో, పుట్టగొడుగుల్లో ఉండే గ్లుటమేటే అది. చైనీస్ తిండి తింటే మెడ తిమ్మిరెక్కుతోందని 1968లో అమెరికాలో ఒక డాక్టర్ మెడికల్ జర్నల్‌కి ఉత్తరం రాశారు. ఆయన కూడా సోయా సాస్, వంటకి వాడే వైన్, ఉప్పు అంటూ రకరకాల అనుమానాలు చెప్పారు, చెడ్డపేరు మాత్రం దీనికే మిగిలింది. ఏది ఇస్తున్నారో చెప్పకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా తేలలేదు. ఖాళీ కడుపున 3 గ్రాములు, అంతకు మించి తీసుకుంటే కొందరికి కాసేపు తలనొప్పి, ఒళ్లు వెచ్చబడటం ఉండొచ్చు. ఒక ప్లేటు వంటలో మామూలుగా పడేది అర గ్రాము లోపే. అది లేని సోయా సాస్ కోసం మీరు తిరగక్కర్లేదు.

సోయా సాస్‌లో మీరు చూడాల్సింది ఉప్పు. ఒక టేబుల్ స్పూన్‌లో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పు. కొరియన్ నూడుల్స్ ప్యాకెట్లు చాలావాటిలో మసాలా మొత్తం వేస్తే 1,500 దాటుతుంది. సగం మసాలా వేయండి, సూప్ గిన్నెలోనే వదిలేయండి. సోయా సాస్ సీసాతో వంచొద్దు, చెంచాతో కొలవండి.

మీ మూడో ప్రశ్న దగ్గర మాత్రం కోప్పడక తప్పదు. తినడానికి వెళ్లే ముందే సిట్రజిన్ వేసుకోవచ్చా అని అడిగారు. వద్దమ్మా. ఎప్పుడూ వద్దు. దురద, దద్దుర్లు మొదట మోగే గంట లాంటివి. ఆ మాత్ర గంట మోగకుండా చేస్తుందే గానీ గొంతు వాపునూ, బీపీ పడిపోవడాన్నీ ఆపలేదు. మీకు తెలియకుండానే ప్లేటు ఖాళీ చేస్తారు, అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. మూడుసార్లు ఇలా జరిగితే మూడుసార్లూ బ్యాగులో ఉన్న స్ట్రిప్‌తో సరిపెట్టుకున్నారు, ఒక్కసారి కూడా ఎవరికీ చూపించుకోలేదు. చదువుకున్నవాళ్లే ఈ పని ఎక్కువ చేస్తున్నారు, నా ఓపీలో రోజూ చూస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం ఒకాయన్ని రాత్రి రెండింటికి భార్య ఆటోలో తీసుకొచ్చారు. సాయంత్రం పెదవి వాస్తే మందుల షాపులో అడిగి మాత్ర వేసుకున్నారు, తగ్గకపోతే పది గంటలకి ఇంకోటి వేసుకుని పడుకున్నారు. నా ముందు కూర్చున్నప్పుడు నోటికి అడ్డంగా చేతిరుమాలు పట్టుకుని ఉన్నారు. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది, నోట్లో వేడి అన్నం పెట్టుకుని మాట్లాడినట్టు. రుమాలు తీసి చూస్తే తడిసిపోయి ఉంది, ఉమ్ము మింగలేకపోతున్నారు. ఆయన వాడుతున్నదీ ఇలాంటి బీపీ మాత్రే. అనస్థీషియా డాక్టర్‌ని నిద్రలేపి గొంతులోకి గొట్టం వేయించాల్సి వచ్చింది. బతికారు. ఇంకో అరగంట ఆలస్యమైతే గొట్టం దిగేది కాదు.

కాబట్టి నాలుక బరువెక్కినా, గొంతు మారినా, మింగడం కష్టమైనా, పిల్లికూతలు వచ్చినా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులైనా మాత్ర కోసం బ్యాగు వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. స్కూటీ మీద మీరే వెళ్లొద్దు. కళ్లు తిరుగుతుంటే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకోండి, హఠాత్తుగా లేచి నిలబడొద్దు. ఆయాసంగా ఉంటే కూర్చునే ఉండండి. అలర్జీ వికటించినప్పుడు ప్రాణం నిలిపేది తొడకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్, అది ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆస్పత్రిలో రామిప్రిల్ పేరు తప్పకుండా చెప్పండి, ఆ వాపుకి చేసే వైద్యం వేరు. మాత్రల స్ట్రిప్ ఫోటో ఫోన్‌లో ఉంచుకోండి. మీ అమ్మాయికి కూడా పంపండి.

పరీక్షల గురించి రెండు ముక్కలు. అలర్జీ చూసే డాక్టర్ చర్మం మీద ప్రిక్ టెస్ట్ చేయవచ్చు, దానికి వారం ముందు నుంచి సిట్రజిన్ ఆపమంటారు. రక్తంలో ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) పరీక్షకి ఆ ఇబ్బంది లేదు. పడుతుందో లేదో చూద్దామని ఇంట్లో ఒక రొయ్య తిని చూడటం మాత్రం చేయొద్దు.

వంట మానేయమని నేను అనను. మీరూ మీ అమ్మాయీ శనివారం సాయంత్రం స్టవ్ దగ్గర నిలబడటం నాకు నచ్చింది. ఇంట్లో వండుకునేవాళ్లకి పదార్థాలు తమ చేతిలో ఉంటాయి. కర్రీ పేస్ట్ మీరే నూరుకోవచ్చు, నిమ్మగడ్డి, ఎండుమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేళ్లు రోట్లో వేస్తే చాలు, రొయ్యల ముద్ద బదులు ఒక చెంచా మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) వేసుకోండి. కిమ్చీ కూడా అలాగే. ఫ్రైడ్ రైస్‌కి నిన్నటి అన్నం వాడతారు కదా, వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టింది అయితేనే వాడండి. బయట పెట్టిన అన్నంలో పుట్టే ఒక విషం మళ్లీ వేయించినా పోదు.

బయట తినడం మాత్రం పరీక్షలు అయ్యేదాకా ఆపండి, ఒక నెల అనుకోండి. ఆ తర్వాత రొయ్యలు పడవని తేలితే, ఆర్డర్ చెప్పేటప్పుడు రొయ్యలు వద్దు అనకండి. వద్దంటే ఏరి పక్కన పెట్టి అదే ప్లేటు తెస్తారు. తమిళంలో ఇరాల్ (రొయ్య) అలర్జీ అని చెప్పండి. ఈ రెస్టారెంట్ల వంటగదుల్లో ఈశాన్య రాష్ట్రాల కుర్రాళ్లు, నేపాల్ కుర్రాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకి హిందీలో ఝీంగా అంటే తెలుస్తుంది. డంప్లింగ్స్ అన్నీ ఒకే ఆవిరి బుట్టలో ఉడుకుతాయా, వేపుళ్లన్నీ ఒకే నూనెలోనా అని అడగండి. సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వాచిన పెదవి ఫోటో ఉంటే అది, మూడుసార్లూ ఏం తిన్నారో రాసిన కాగితం, ఫ్రిజ్‌లో ఉన్న ఆ పేస్ట్ సీసా తీసుకెళ్లండి.