చెరకు రైలు తిరిగిన దీవి

ప్రశ్న: నమస్తే అండి, మాది కాశీనగర్. మా తాతగారు నౌపడా - గుణుపురం చిన్న రైల్లో తెగ తిరిగేవారు. మొన్న మా అబ్బాయి ఫోన్లో అచ్చం అలాంటి ఇంజనే చూపించి, జపాన్లో మినామి దైతో అనే దీవిలో చెరకు లాగిన రైలు అమ్మా ఇది అన్నాడు. జపాన్ అంటే మంచు కదా, చెరకేంటి? అంత చిన్న దీవికి రైలెందుకు? ఇంకోటి, ఆ దీవి కదుల్తుందట, నిజమేనా?
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది, నాది పర్లాకిమిడే, ఆ చిన్న బండి కూత వింటూ పెరిగినవాణ్ణి. మంచు పడేది జపాన్ ఉత్తరం వైపు. మినామి దైతో బాగా దక్షిణాన, ఒకినావాకి తూర్పుగా 360 కిలోమీటర్ల దూరంలో సముద్రం మధ్య ఉంది, ఇంచుమించు మన కాశీ అక్షాంశమే, పైగా చుట్టూ నీళ్లు కాబట్టి గడ్డకట్టే చలి ఉండదు, చెరకుకి హాయి.

దీవి మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. గిన్నెలా ఉంటుంది, అంచులు ఎత్తు, మధ్యలో పల్లం, పల్లంలో చెరువులు, చెరకు. ఇసుక తీరం లేదు, చుట్టూ నిలువు రాళ్లే, ఓడ ఒడ్డుకి ఆనదు కాబట్టి మనుషుల్ని బోనులో నిలబెట్టి క్రేన్‌తో పైకి లేపుతారు, సామానూ అంతే.

1900 దాకా అక్కడ మనిషన్నవాడు లేడు. ఆ ఏడు జనవరిలో వెయ్యి కిలోమీటర్ల పై దూరంలో ఉన్న హచిజో దీవి నుంచి 23 మంది వచ్చి, ఆ రాళ్లు ఎక్కి, తాటిలాంటి చెట్ల అడవి కొట్టి చెరకు వేశారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి మన రాజావారి రైలు మొదలైందీ 1900లోనే! గేజ్, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు కూడా ఒకటే, రెండున్నర అడుగులు.

రైలెందుకంటే, మా పెదనాన్న కౌలుకి చెరకు వేసేవాడు, ఒక ఏడు కోత రోజుకి బళ్లు దొరక్క మూడ్రోజులు గట్టు మీదే ఎండింది, బరువూ పోయింది తీపీ పోయింది, బెల్లం గట్టిపడక ముద్ద చేతికి అంటుకునేది, మా పెద్దమ్మ ఆ పెనం పక్కనే కూర్చుని ఏడ్చింది. కోసిన చెరకు వెంటనే గానుగలో పడాలి, అందుకే పొలాల నుంచి మిల్లుకి పట్టాలు వేశారు.

కానీ నాకు ముఖ్యం అనిపించేది భూమి సంగతి. ముప్పై ఏళ్లు సాగు చేస్తే నేల మీదే అని మొదట్లో వచ్చినవాళ్లకి మాటిచ్చారు, తర్వాత దీవి చక్కెర కంపెనీల చేతులు మారింది, మాట మాటగానే మిగిలింది. ఊళ్లో దుకాణం కంపెనీదే, డబ్బు బదులు కంపెనీ చీటీలే, పంచాయతీ లాంటిదే లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పాలనలో 1946లో గ్రామ పాలన వచ్చింది, రైతులు పట్టు వదలకుండా అడిగి అడిగి 1964లో నేల తమ పేర రాయించుకున్నారు. అడవి కొట్టినవాళ్లలో ఎంతమంది ఆ పట్టా చూడకుండానే పోయుంటారో, పట్టా లేక పోడు చేసుకునే కొండవాళ్ల మధ్య బతికే మనకి ఆ బాధ ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక కదలడం, అది నిజమే. సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ల కిందట న్యూగినీ దగ్గర అగ్నిపర్వతంగా పుట్టి, మునుగుతుంటే పైన పగడం పేరుకుని, కింద భూఫలకంతో పాటు ఇప్పటికీ ఏడాదికి 7 సెంటీమీటర్ల చొప్పున జరుగుతోంది. ఆ పగడం ఎంత మందమంటే, పక్క దీవి కిత దైతోలో 1930లలో 400 మీటర్లు దాటి బోరు వేసినా పగడపు సున్నపురాయే వచ్చింది!

అక్కడి రైలు 1983లో ఆగింది, లారీలొచ్చాయి. మన చిన్న బండి 2004 దాకా లాగింది. చెరకు రైలువి ఒక ఆవిరి ఇంజను, ఒక డీజిల్ ఇంజను మినామి దైతోలో ఇప్పటికీ దాచిపెట్టారు, మీ అబ్బాయి చూపించింది వాటిలో ఒకటే అయ్యుంటుంది.