మెరిసే డెకాయ్ దగ్గర పావురం వాలదు

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో లింకన్‌షైర్ వైపు ఉంటున్నాం. తెలిసిన రైతు ఒకాయన తన చేలమీద పడే వుడ్ పిజియన్లను (ఇక్కడి పెద్ద అడవి పావురాలు) కొట్టడానికి నాకు అనుమతి ఇచ్చారు. షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది. పాత ప్లాస్టిక్ డెకాయ్‌లు, అంటే పావురాల్ని ఆశపెట్టి రప్పించే బొమ్మ పావురాలు, ఓ డజను ఉన్నాయి. చేలో పెడితే పావురాలు దూరం నుంచి ఆశగానే వస్తున్నాయి, తీరా దగ్గరికొచ్చాక పక్కకు తిరిగి వెళ్ళిపోతున్నాయి. కొత్తవి కొనాలా, పెయింట్ వేస్తే చాలా? సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాన్నగారి జొన్నచేలో కూడా పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉందండీ. దూరం నుంచి వస్తున్నాయంటే చేను సరైనదే, అవి రోజూ తిరిగే దారిలోనే మీరు కూర్చున్నారు. దగ్గరికొచ్చాక తిరిగిపోతున్నాయంటే మాత్రం అక్కడ ఏదో వాటికి తేడాగా కనిపిస్తోంది. పాత ప్లాస్టిక్ అన్నారు కాబట్టి నా అనుమానం మొదట మెరుపు మీదే. పొద్దుతిరుగుడు చేలల్లో పిట్టలు రాకుండా మనవాళ్ళు మెరిసే రిబ్బన్లు కడతారు చూడండి, ఎండలో తళుక్కుమనే ప్లాస్టిక్ వీపు కూడా అదే పని చేస్తుంది. చలికాలంలో అక్కడ సూర్యుడు బాగా కిందనే ఉంటాడు, పైగా మంచు తడి. పొద్దున్నే డెకాయ్‌లు పెట్టి పాతిక గజాలు వెనక్కి నడిచి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, ఏది మెరుస్తోందో మీకే తెలిసిపోతుంది.

కొత్తవి కొనక్కర్లేదు. ఉన్నవాటిని ముందు గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పోయేలా కడగండి. బట్టల పౌడర్ వద్దు, చాలావాటిలో తెలుపు మెరుగ్గా కనిపించడానికి కలిపే పదార్థం ఉంటుంది, అది అల్ట్రావయొలెట్ వెలుగులో మెరుస్తుంది, పక్షుల కళ్ళకు ఆ వెలుగు కనిపిస్తుంది (మీరు దాక్కునే మాటుకు కట్టే వలనీ, వేసుకునే జాకెట్‌నీ కూడా ఆ పౌడర్‌తో ఉతక్కండి). ఆరాక శాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది, ప్లాస్టిక్‌కు పట్టే ప్రైమర్ కొట్టి, ఆ పైన మ్యాట్ (మెరవని) పెయింట్ మాత్రమే వేయండి. పాడవకుండా ఉంటుందని పైన వార్నిష్ పూశారంటే పడిన శ్రమంతా వృథా.

రంగుల దగ్గర ఒక్క మాట. వుడ్ పిజియన్ అంటే మన అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లో గూడు పెట్టే పావురం కాదు, అంతకంటే పెద్దది, అర కేజీ దాకా తూగుతుంది. తల నీలం కలిసిన బూడిద రంగు, వీపు కాస్త గోధుమ జీర ఉన్న బూడిద, రొమ్ము వంగపండు రంగు కలిసిన లేత గులాబీ, మెడకు రెండు పక్కలా తెల్లటి మచ్చ, మడిచిన రెక్క అంచున సన్నటి తెల్ల గీత. ఆ మెడ మచ్చా, రెక్క గీతా స్పష్టంగా వస్తే చాలు, పైనుంచి వచ్చే పక్షికి కనిపించేవి అవే, ఈకలు ఒక్కొక్కటీ గీస్తూ కూర్చోకండి. పిల్ల పక్షులకు మెడ మచ్చ ఉండదు కాబట్టి ఒకటి రెండింటికి మచ్చ లేకపోయినా ఫరవాలేదు. ఓపికుంటే పెయింట్ బదులు ఫ్లాకింగ్ చేయండి, అంటే జిగురు పూసి దానిమీద రంగు నూగు చల్లడం. వానలో తడిసినా మెరవదు. కాకపోతే సంచిలో ఒకదానికొకటి రాసుకుంటే నూగు ఊడిపోతుంది, విడివిడిగా గుడ్డసంచుల్లో పెట్టాలి, తడిగా అసలు పెట్టకూడదు.

మెరుపు పోయాక మిగిలేది కదలిక. డజను పక్షులు చేలో కొయ్యబారి ఉంటే ఏ పావురమూ నమ్మదు. డొల్లగా ఉండే షెల్ డెకాయ్‌లైతే వంగే సన్నటి కడ్డీ మీద పెట్టండి, కాస్త గాలికే తల ఊపుతాయి, గింజ ఏరుతున్నట్టే ఉంటుంది. 12 వోల్టుల బ్యాటరీతో డెకాయ్‌లను గుండ్రంగా తిప్పే రోటరీ యంత్రం దూరపు పక్షుల్ని బాగా లాగుతుంది, నిజమే, కానీ తుపాకి దెబ్బ రుచి చూసిన గుంపులు దాన్ని చూసే తిరిగిపోతాయి. అప్పుడు వేగం తగ్గించండి, పక్కకు జరపండి, అప్పటికీ రాకపోతే ఆపేయండి.

పెట్టే తీరు: గాలి మీ వీపు మీదుగా చేలోకి వీచేలా మాటు కట్టుకోండి. పావురం గాలికి ఎదురుగా దిగుతుంది, అంటే మీ ముందు నుంచే వస్తుంది. డెకాయ్‌లను గుర్రపు లాడం ఆకారంలో పెట్టి, తెరిచిన వైపు చేలోకి ఉంచి, మధ్యలో దిగడానికి ఖాళీ వదలండి, ఆ ఖాళీ మీకు ఇరవై, పాతిక గజాల్లో ఉండాలి. ఒక్కోదానికీ మధ్య రెండు మూడు అడుగుల దూరం. ముఖాలు గాలి వైపే, అయితే డ్రిల్ చేయించినట్టు అన్నీ ఒకే గీతలో వద్దు. పక్షులు పడుతున్నకొద్దీ ప్లాస్టిక్‌వి తీసేసి ఆ చచ్చిన పక్షులనే పెట్టండి, అంతకు మించిన డెకాయ్ లేదు. బోర్లా పడుకోబెట్టి, రెక్కలు మడిచి, గడ్డం కింద చిన్న పుల్ల గుచ్చి తల నిలబెట్టాలి. చుట్టూ రాలిన ఈకలు ఏరేయండి. వెల్లకిలా పడి ఉన్న పక్షి ఒక్కటి కనిపించినా వచ్చేవి బెదిరిపోతాయి.

ఇన్ని చేసినా రాకపోతే తప్పు డెకాయ్‌లది కాదు, మీదే, అంటే మీ ముఖం కనిపిస్తోంది. టోపీ, ముఖానికి వల, చేతికి తొడుగులు వేసుకుని, పక్షి ఖాళీలోకి దిగేదాకా కదలకండి.

ఇంగ్లండ్‌లో వుడ్ పిజియన్‌ను సరదా కోసం కొట్టకూడదు. పంటకు తీవ్రమైన నష్టం జరగకుండా ఆపడానికి జీఎల్42 అనే జనరల్ లైసెన్స్ ఉంది, దానికి దరఖాస్తు అక్కర్లేదు గానీ షరతులు పాటించాలి, వాటిని చదవకుండా చేలోకి దిగకండి. ప్రాణమున్న పక్షిని కట్టేసి డెకాయ్‌గా వాడటం అక్కడి 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఇంకోటి, స్టాక్ డవ్ అని దాదాపు ఇలాగే ఉండే పక్షి ఒకటుంది, దాన్ని కొట్టకూడదు. కొంచెం చిన్నది, మెడ మీదా రెక్క మీదా తెలుపు ఉండదు. అనుమానమొస్తే తుపాకి దించేయండి.

ఇక నాన్నగారి జొన్నచేను. వద్దు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అడవి పక్షులను వేటాడితే కేసు అవుతుంది. అక్కడ పిట్టల్ని తోలడానికి మెరిసే రిబ్బన్లు కట్టండి, గింజ పాలు పోసుకునే రోజుల్లో పొద్దునా సాయంత్రమూ మంచె మీద ఒక మనిషిని ఉంచండి.