చుక్కాని బిగుసుకుందని విన్నాను

చిట్టితల్లికి,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆఫీసు పిల్లలతో కలిసి పాత తెరచాప పడవ కొన్నదిరా. చుక్కాని తిరగదట. తానే బాగుచేసుకుంటుందట. నువ్వైనా చెప్పు" అంది. నేను వద్దంటానని ఆవిడ ఆశ. నేను అనను. హార్బరులో ఫిట్టరుగా బతికినవాణ్ణి, మన ఇంట్లో పిల్లల్లో ఒక్కరైనా పానా పట్టుకుంటున్నారంటే నాకు ఎంత గర్వమో నీకు తెలీదు. కానీ ఫోను పెట్టాక నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే "సరే మామయ్యా" అని మధ్యలోనే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

నువ్వు అక్కకి పంపిన ఫోటోలు చూశాను. ఇరవై రెండు అడుగుల ఫైబర్ పడవ, పైన టిల్లర్ అనే తిప్పే పిడి, పడవ అడుగు గుండా కిందికి దిగే స్టీలు షాఫ్ట్, దాని చివర చుక్కాని పలక. షాఫ్టుకి పైనొక బుష్, కిందొక బుష్ ఉంటాయి, షాఫ్టు లోపల తిరిగే తొడుగులన్నమాట. ఆ కాలం పడవలు చాలావాటిలో అవి నైలాన్‌వి. నైలాన్ నీళ్లు తాగుతుంది, తాగి ఉబ్బుతుంది, ఉబ్బి షాఫ్టుని పట్టేస్తుంది. నువ్వు డబ్బాలకు డబ్బాలు స్ప్రే కొట్టావట. తుప్పు పట్టిన నట్టుకైతే అది పనికొస్తుంది. ఉబ్బిన నైలాన్‌ని నూనె ఏం చేస్తుంది? డబ్బులు దండగ.

ముందు రోగమేదో తెలుసుకో. పలకకీ పడవ అడుగుకీ మధ్య సందులో గుల్లలు పేరుకుని ఉంటే చెక్క ముక్కతో గీకి, మిగిలినదాని మీద వెనిగర్ గుడ్డ చుట్టి ఉంచు, సున్నం కరుగుతుంది. టిల్లర్ ఒక వైపు తేలిగ్గా, ఇంకో వైపు బిగువుగా తిరిగితే షాఫ్ట్ వంగినట్టు. అన్ని వైపులా ఒకేలా బిగువుంటే బుష్‌ల పని. బ్లోటార్చ్ మాట ఎవరన్నా ఎత్తితే వాణ్ణి అక్కణ్ణుంచి పంపించెయ్. చుట్టూ ఉన్నది రెసిన్, లోపల నైలాన్. వేడికి అది మెత్తబడుతుంది, ఇది కరుగుతుంది, ఆపైన మంట.

ఇక నా నిద్ర పోగొట్టిన సంగతి. మీ నాన్న నీకిది చెప్పి ఉండడు.

నువ్వు పుట్టకముందు బావకి ఓ స్నేహితుడి పడవ మీద మోజు. అచ్చం ఇలాంటిదే. వానాకాలమంతా నీళ్లలో కదలకుండా పడి ఉండి దాని చుక్కాని బిగుసుకుపోయింది. నేను రెండు వారాలు ఆగమన్నాను, క్రేన్ దొరికాక బయటికి తీసి చూద్దామని. బావ ఆగే మనిషా? మనిషి పొడవు జీఐ పైపు తెచ్చి టిల్లర్‌కి తొడిగి, ఇంకొకణ్ణి తోడు పెట్టుకుని బలంగా లాగాడు. లోపల 'టక్'మని చప్పుడైంది. చుక్కాని తిరిగింది. అందరూ చప్పట్లు. సాయంత్రం మా ఇంటికొచ్చి "నువ్వు రెండు వారాలన్నావు, నేను రెండు నిమిషాల్లో తేల్చేశాను" అని మీ అమ్మమ్మ ముందు నన్ను ఆటపట్టించాడు కూడా.

ఆ చప్పుడు బుష్‌ది కాదమ్మా. చుక్కాని పలక బూరెలాంటిది. పైన ఫైబర్ పెంకు, లోపల నురగ పూర్ణం. షాఫ్ట్ ఆ నురగలోకి దిగుతుంది. దానికి వెల్డింగ్ చేసిన స్టీలు పట్టీలు రెండో మూడో అడ్డంగా పలకలోకి చాచుకుని ఉంటాయి. నువ్వు టిల్లర్ తిప్పితే పలక తిరిగేది ఆ పట్టీల బలం మీదే. పెంకులో ఎక్కడో సన్నని పగులుంటే ఉప్పునీరు లోపలికి చేరి అక్కడే ఉండిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు గాలి తగిలే చోట మెరుస్తూనే ఉంటుంది, గాలాడని సందులో నీళ్లుంటే మాత్రం లోపల్లోపల తినేసుకుంటుంది. బయటికి ఏమీ కనపడదు. అలా బలహీనపడ్డ వెల్డింగు బావ పైపు దెబ్బకి చిట్లింది. నురగా రెసినూ పట్టుకుని ఉన్నాయి కనక చిన్న గాలుల్లో పడవ చెప్పినట్టే విన్నది.

తర్వాతొక మధ్యాహ్నం, ఎండాకాలం, తూర్పుగాలి బాగా లేచింది. హార్బర్ గోడ దాటి బయట ఉన్నారు. బావ టిల్లర్ తిప్పాడు. టిల్లర్ తిరిగింది, షాఫ్ట్ తిరిగింది, పలక తిరగలేదు. ఈ తీరంలో ఆ గాలి ఒడ్డు మీదికి తోస్తుందని నీకు తెలుసుగా. ఎండాకాలంలో నీటి వాలు, అంటే ప్రవాహం, ఉత్తరానికి. మెరీనాలో ఇసుక పేరుస్తూ, మా రాయపురం ఒడ్డు కోసుకుపోయేలా చేసిన వాలు అది. గాలీ నీరూ కలిసి పడవని బండరాళ్ల వైపు తీసుకుపోయాయి. బావ చివరికి లంగరు వేశాడు. అది ఇసుకలో పట్టింది. కాశిమేడుకి తిరిగొస్తున్న చేపల బోటు వాళ్లు తాడు విసిరి లాక్కొచ్చారు. పైసా పుచ్చుకోలేదు. ఒడ్డున మీ అమ్మ నిలబడి ఉంది. ఆరు నెలల కడుపు. లోపల ఉన్నది నువ్వే. ఆ రోజు అక్క మొహం నాకింకా గుర్తుంది. అందుకే ఫోనులో ఆవిడ గొంతు వణికితే నేను నవ్వలేకపోయాను.

కనక నువ్వేం చేసినా టిల్లర్‌కి పైపు తొడగకు. ఇప్పటికే ఎవరన్నా తొడిగారేమో పాత ఓనరుని అడుగు. అతనేం చెప్పినా నమ్మకుండా ఇది చెయ్యి: పడవ గట్టున ఉండగా ఒకరు పలకని రెండు చేతులా కదలకుండా పట్టుకోవాలి, ఒకరు టిల్లర్‌ని మెల్లగా అటూ ఇటూ ఆడించాలి. వెంట్రుకవాసి ఆట ఉన్నా పలక కోసి చూడాల్సిందే. గూటంతో తట్టుతూ పోతే చప్పుడు మారిన చోట పొర విడిపోయి ఉండొచ్చు. పలక అడుగున చిన్న రంధ్రం వెయ్యి. గోధుమరంగు నీళ్లు కారితే లోపల తుప్పు మొదలైనట్టు. కోయడం, పట్టీలు కొత్తగా వెల్డ్ చేయించడం, మళ్లీ ఎపాక్సీతో మూయడం పెద్ద పనే. అయినా తప్పదు.

చుక్కాని దించేటప్పుడు నాకు నీ వేళ్ల గురించే భయం. నీళ్లలో తేలిగ్గా ఉన్నట్టుండే పలక గట్టున చాలా బరువు. పైన షాఫ్టుని జారకుండా పట్టుకునే కాలర్ బోల్టులు విప్పకముందే కింద జాకీ, దానిమీద పాత టైరు పెట్టి పలకని ఆనించు. ఉబ్బిన బుష్ పట్టుకుని ఉంది కదా, జారదులే అనుకోకు. జారితే ఒక్కసారే జారుతుంది. పడవ నీళ్లలో ఉండగా ఆ బోల్టులు ముట్టుకోనే వద్దు. షాఫ్ట్ పూర్తిగా కిందికి రావాలంటే అడుగున దాని పొడవంత చోటుండాలి. లేదంటే గొయ్యి తవ్వుకోవాలి, కాకుంటే హైడ్రా క్రేన్ వాణ్ణి ఇంకాస్త ఎత్తమనాలి. పాత రంగు గీకేటప్పుడు తడిపి గీకు, మాస్కు పెట్టుకో. అందులో గుల్లల్ని చంపే మందుంటుంది. మాస్కు సంగతి రెండుసార్లు చెప్పించుకోకు.

కొత్త బుష్‌లు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేయించు. నైలాన్‌తో పోలిస్తే అది నీళ్లు తాగేది చాలా తక్కువ. అంబత్తూరులో లేత్ షాపులకి కొదవ లేదు. కొలత కాగితం మీద రాసి పంపకు, షాఫ్టే పట్టుకెళ్లు. బుష్ రాపిడికి దాని మీద గాడి పడి ఉంటుంది, మందం కొలిచే వెర్నియర్ పెట్టి నాలుగు చోట్ల కొలవమను. లేత్ వాడు మోటారు బేరింగ్‌లా బిగువుగా చేసిస్తానంటాడు, అదే అతనికి గొప్ప. వద్దను. ఒక కాగితం మందం సందు ఉండాలి. బిగించాక టిల్లర్ ఒక్క వేలితో తిరగాలి.

మొదట హార్బర్ లోపలే నడుపు. లంగరు తాడు చిక్కు లేకుండా ముందే చుట్టి ఉంచు. ఒక తెడ్డు, తాడు కట్టిన బకెట్టు పడవలో ఉండాలి. చుక్కాని పోయినా బకెట్టుని వెనక ఒక పక్కకి వదిలితే పడవ ఆ పక్కకి మళ్లుతుంది. ఇది మీ ముగ్గురూ ఒకసారి చేసి చూసుకోండి. 1911లో మద్రాస్ యాచ్ క్లబ్ పెట్టిన స్ప్రింగ్ దొర హార్బర్ గోడలు కట్టించిన ఇంజినీరు. నేర్చుకునేవాళ్లకి ఆ గోడల లోపల చోటు చాలు. దీపావళి దాటితే తుపానుల కాలం, ఈలోపే పని కానిచ్చెయ్యి.

పడవ గట్టెక్కించే రోజు చెప్పు, పొద్దున్నే వచ్చేస్తాను. మోకాళ్లు కూర్చోనివ్వవు గానీ టార్చి పట్టుకుని నిలబడగలను. మీ నాన్న వస్తానంటే రానీ. జాకీ తిప్పే పని ఆయనకే ఇద్దాం. వెర్నియర్ నా దగ్గరుంది, కొనకు. ఆ రోజు భోజనం మీ అత్త పంపిస్తానంది, ఎంతమంది వస్తారో శుక్రవారానికల్లా ఆవిడకి చెప్పెయ్.

మామయ్య
చాకలిపేట, చెన్నపట్నం