తుపాను రోజు ఆర్డరు చేతిలో ఉంటే

చిరంజీవి చిన్నోడికి బాబాయ్ ఆశీస్సులు.

బంగాళాఖాతంలో వాయుగుండం అనగానే అందరూ వాన ఎంత పడుతుందని అడుగుతారు. డెలివరీ బండి మీద తిరిగేవాడు మాత్రం ముందు గాలి ఎంత వీస్తుందో చూసుకోవాలి. నువ్వు తడిస్తే తుడుచుకోవచ్చు. నీ వీపు మీది పెట్టె తెరచాపరా. ఒకటిన్నర అడుగుల పెట్టె పక్కకి గంటకు 60 కిలోమీటర్ల గాలి అడ్డంగా తగిలితే సుమారు నాలుగు కిలోల తోపు ఉంటుంది. గాలి 90కి చేరితే అది తొమ్మిది కిలోల దాకా పోతుంది. అదీ భుజాల ఎత్తున. ఖాళీ పెట్టె అయితే మరీ ప్రమాదం, నిలబెట్టే బరువు ఉండదు కదా. ఖాళీ అయిన వెంటనే మడిచి సీటుకి కట్టెయ్. సరుకు ఉంటే బరువైనవి అడుగున సర్ది, పట్టీలు బిగించి, పెట్టె అడుగు సీటుకి ఆనేలా కూర్చో.

మన విశాఖ బీచ్ రోడ్డులో గాలి ఒకే తీరుగా ఉండదు. బిల్డింగు చాటున హాయిగా వెళ్తుంటావు, రెండు బిల్డింగుల సందు రాగానే పక్కనుంచి ఒక్క తోపు తోస్తుంది. బస్సుని దాటేటప్పుడూ అంతే. ఆ చోట్లకి ముందే 25, 30కి తగ్గించు, పక్కన ఒక మీటరు జాగా ఉంచుకో. పోర్టులో మూడో నంబరు తుపాను హెచ్చరిక ఎగరేశారంటే ఈదురుగాలులు వస్తున్నాయని అర్థం. ఆ రోజు బీచ్ రోడ్డు, ఎన్ఏడీ ఫ్లైఓవర్ వదిలేసి కింది దారిన తిరుగు. ఎనిమిది నుంచి పది దాకా ఏ నంబరు వేసినా పెను ప్రమాదమే, డెలివరీ యాప్‌లో లాగిన్ అవ్వకు. ఎంత ఇన్సెంటివ్ చూపించినా సరే. గాలి ఆగిందని వెంటనే బయల్దేరకు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కన్ను, అంటే గాలి లేని నడిభాగం, విశాఖ మీదికి వచ్చినప్పుడు గాలి సద్దుమణిగినట్టే సద్దుమణిగి, కాసేపటికి ఎదురు దిక్కునుంచి మళ్లీ విరుచుకుపడింది.

ఇక నీళ్లు. డివైడరు పక్కరాయి కనిపిస్తుంటే లోతు తెలుస్తుంది. రాయి మునిగిపోయిందంటే అటు పోకు. పారే నీరు అర అడుగున్నా కాళ్లు లాగేస్తుంది, గెడ్డ (వాగు) పొంగిన రోడ్డు అలాంటిదే. నీళ్లు ఒకచోట సుడి తిరుగుతున్నా, బుడగలు లేస్తున్నా కింద మూత లేని మ్యాన్‌హోల్ ఉందనుకో. తప్పక దిగితే రోడ్డు నడిమధ్యన, మొదటి గేరులో, యాక్సిలరేటర్ వదలకుండా సాగు. వదిలావంటే సైలెన్సర్‌లోకి నీరు ఎక్కుతుంది. మధ్యలో ఇంజిన్ ఆగిపోతే సెల్ఫ్ నొక్కకు. సిలిండర్లో చేరిన నీరు నొక్కినా కుదించుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ రిపేరుకి నెల సంపాదన పోతుంది. తోసుకుంటూ బయటికి తెచ్చి, ప్లగ్ విప్పించి, నీరు పోయాకే స్టార్ట్ చెయ్. గట్టెక్కాక బ్రేకులు నాలుగైదు సార్లు మెల్లగా నొక్కుతూ పో. తడిసిన డ్రమ్ బ్రేకు వెంటనే పట్టదు.

చినుకులు మొదలైన మొదటి పావుగంట ఎక్కువ జారుడు. సిగ్నల్ దగ్గర కారిన ఆయిల్, తెల్ల పెయింటు గీతలు, ఇనుప రేకులు, వీటి మీద బ్రేకు వేయకు, బండి వంచకు.

కరెంటు తీగ తెగి పడి ఉంటే పది మీటర్ల దూరం. నీళ్లలో పడి ఉంటే ఇంకా దూరం. దగ్గర్లో ఇరుక్కుంటే పెద్ద అంగలు వేయకు, రెండు పాదాలు ఒకదానికొకటి ఆనించి, నేల మీంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ వెనక్కి రా. రెండు కాళ్ల మధ్య నేలలో వోల్టేజీ తేడా ఉంటుంది, అదే చంపేది. కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చెయ్.

రబ్బరు టైర్లున్నాయి కదా, పిడుగు నన్నేం చేస్తుందనుకోకు, బండి నిన్ను కాపాడదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లకన్నా తక్కువుంటే కాంక్రీటు స్లాబు కిందికి వెళ్లు, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగు. చెట్టు కిందా హోర్డింగు కిందా వద్దు.

రెయిన్‌కోటు చొక్కా, ప్యాంటు వేరువేరుగా ఉన్నదే కొనుక్కో. పోంచో అంచు చక్రంలో పడుతుంది. స్క్రీన్ మీద చినుకులు పడితే టచ్ పనిచేయదు. అందుకే అడ్రసు, కస్టమరు నంబరు బయల్దేరే ముందే చీటీ మీద రాసుకో. దారి మూసుకుపోతే నీళ్ల ఫొటో తీసి యాప్‌లో పెట్టి, కస్టమరుకి ఫోన్ చేసి వెనక్కి తిరుగు. మర్నాడు తెల్లారాక కూడా తలెత్తి చూసుకుంటూ నడుపు. సగం విరిగిన కొమ్మలు ఎండ వచ్చాక కూడా పడతాయి.

మీ బాబాయ్