ముట్టె, మోర, మూతి, తొండం: ఏది దేనికి?

సందేహం: పిల్లల కోసం జంతువుల గురించి ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ఏనుగుకు తొండం, పందికి ముట్టె అని తెలుసు. టేపిర్ (పందిని పోలిన అడవి జంతువు), చీమలు తినే యాంట్‌ఈటర్, ఘరియల్ మొసలి, గంగా డాల్ఫిన్, సీతాకోకచిలుక, దోమ వంటివాటికి ఏం రాయాలి? అన్నిటికీ ‘పొడవైన ముక్కు’ అంటే సరిపోతుందా? తుండం, తొండం ఒకటేనా? పుస్తకం చూసిన ఒకరు ‘ముట్టె’ తిట్టుమాట, తీసేయమన్నారు. తీసేయాలా?

సమాధానం: ‘పొడవైన ముక్కు’ అన్నిటికీ సరిపోదు. డాల్ఫిన్ దగ్గరైతే పూర్తిగా తప్పు. గంగా డాల్ఫిన్‌కు ముందుకు సాగి, పళ్లతో కనిపించేవి దవడలు. అది ఊపిరి తీసుకునే రంధ్రం నెత్తిమీద ఉంటుంది. అంటే ముక్కు నెత్తికెక్కి, మూతి ఒక్కటే ముందు మిగిలింది. పిల్లలు ‘పొడవైన ముక్కు’ అని చదివి, ఆ పక్క పుటలోనే అది తల పైభాగంతో గాలి పీలుస్తుందని చదివితే తికమకపడతారు. అక్కడ ‘పొడవాటి మూతి’ అనండి.

మరి పక్షి ముక్కు కూడా నిజానికి నోరే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తెలుగులో ముక్కుకు రెండు పనులు అప్పగించాం. ఒకటి గాలి పీల్చేది, రెండోది గట్టిగా, మొనతేలి, పొడవడానికి పనికొచ్చేది. కొంగ ముక్కు, వడ్రంగిపిట్ట ముక్కు రెండో అర్థంలోవి. కొబ్బరి చెట్టును తొలిచే ఎర్రముక్కు పురుగు, బియ్యంలో పట్టే ముక్కు పురుగు కూడా ఈ వరసలోవే. వాటి తల ముందుకు సాగి, దాని కొసన దవడలుంటాయి. వాటికి ఆ పేరు పెట్టిన రైతులు శరీరశాస్త్రం చదివి పెట్టలేదు, ఆకారాన్నీ పనినీ చూసి పెట్టారు. డాల్ఫిన్ మూతి ఈ రెండు అర్థాల్లో దేనికీ ఒదగదు.

ఇలాంటి మాటలను ఎంచుకునేటప్పుడు నామవాచకం కోసం వెతకడం కంటే, ఆ జంతువు ఆ భాగంతో చేసే పనికి తెలుగులో ఏ క్రియ వాడతామో ముందు చూసుకోవడం మేలు. పక్షి ముక్కుతో పొడుస్తుంది. ఏనుగు తొండంతో చుట్టి ఎత్తుతుంది. పంది ముట్టెతో నేలను పెళ్లగిస్తుంది. కుక్క మోర ఎత్తి వాసన పడుతుంది. ఈ క్రియలను అటూ ఇటూ మార్చి చూడండి. ‘కుక్క ముట్టె ఎత్తింది’ అనగానే చెవికి తగులుతుంది. నిఘంటువు ఈ మాటలన్నిటినీ దాదాపు ఒకే అర్థంతో పక్కపక్కన పెట్టినా, క్రియ వాటిని విడదీస్తుంది.

ముట్టె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, మీకు వచ్చిన అభ్యంతరం దాని మీదే కాబట్టి. పంది మూతి కొస బిళ్లలా బల్లపరుపుగా ఉంటుంది. లోపల దానికి ఆసరాగా ఒక చిన్న ఎముక కూడా ఉంటుంది. దుంపల కోసం మట్టిని తిరగేయడానికి కుదిరిన నిర్మాణం అది. సంస్కృతంలో దీనికి పోత్రం అని ప్రత్యేకమైన పేరుంది. వ్యాకరణకర్త పాణిని ఈ ఒక్క మాట కోసం ‘హలసూకరయోః పువః’ అని ఒక సూత్రం రాశాడు. నాగలికి గానీ పందికి గానీ చెందిన అవయవమైతేనే ‘పూ’ ధాతువు నుంచి ఈ అర్థంలో పోత్రం వస్తుందని దాని సారం. నాగలి మొనకూ పంది ముట్టెకూ ఒకటే పేరు, ఎందుకంటే రెండూ నేలను చీల్చేవే! సంస్కృత నిఘంటువు అమరకోశం పందికి చెప్పిన పేర్లలో పోత్రీ, ఘోణీ, భూదారః మూడూ ఉన్నాయి. పోత్రం కలది, ఘోణ (ముక్కు) కలది, భూమిని చీల్చేది. మూడు పేర్లూ మూతి చుట్టూనే తిరిగాయి.

ఇక తిట్టు సంగతి. ముట్టెపొగరు అనే మాట వల్ల ముట్టెకు చెడ్డపేరు వచ్చింది. మనిషి ముఖాన్ని ముట్టె అంటే తిట్టే, అందులో సందేహం లేదు. పంది ముఖాన్ని ముట్టె అనడం తిట్టెలా అవుతుంది? మూతి సంగతీ అంతే. ‘మూతి ముడుచుకుంది’ అంటే ఎవరూ నొచ్చుకోరు, ‘మూతి మూసుకో’ అంటే నొచ్చుకుంటారు. తప్పు మాటది కాదు, ఎవరిని, ఎలా అన్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. మోర ఇంకా చిత్రమైనది. కన్నడంలో ‘మోరె’ మనిషి ముఖానికి మామూలుగా వాడే మాట. తెలుగులో అది ఎక్కువగా పశువుకు పరిమితమైంది. మనిషికి వాడినప్పుడు పైకి ఎత్తి చూసే భంగిమతోనే వస్తుంది. ఆకాశంలో ఏదో వింత కనిపిస్తే జనం మోరలెత్తి చూస్తారు, కింద పడ్డ వస్తువును ఎవరూ మోరతో చూడరు. మీ పుస్తకంలో తోడేలు ఊళపెట్టే బొమ్మ ఉంటే ‘మోర’ అక్కడ చక్కగా కుదురుతుంది.

తుండం, తొండం ఒకటి కావు, దగ్గరివి మాత్రమే. ‘వక్త్రాస్యే వదనం తుండమ్’ అని అమరకోశం తుండాన్ని ముఖానికీ నోటికీ ఉన్న పేర్లలో చేర్చింది. నాట్యంలో శుకతుండం అనే హస్తముద్ర ఉంది, అంటే చిలుక ముక్కు. దాన్ని ‘చిలుక తొండం’ అని తెలుగు చేస్తే నవ్వులపాలవుతాం. వినాయకుడి పద్యంలో ‘తుండము నేకదంతమును’ అన్నప్పుడు మనకు తొండమే తోస్తుంది, ఎందుకంటే అక్కడ ముఖం ఏనుగుది. తొండం అలా కాదు, విశాలమైన ఆ అర్థాన్ని వదిలి ఏనుగు దగ్గర స్థిరపడింది.

ఏనుగు తొండాన్ని మన పెద్దలు ముక్కుగా కంటే చేతిగానే ఎక్కువగా చూశారు. కరం కలది కరి, హస్తం కలది హస్తి. రెండుసార్లు, అంటే తొండంతో ఒకసారి, నోటితో ఒకసారి తాగుతుంది కాబట్టి ద్విపం. తొండం కొసకు కూడా వేరే పేరుంది. ‘పుష్కరం కరిహస్తాగ్రే’ అంటుంది అమరం. ఆ కొసన ఆసియా ఏనుగుకు వేలు లాంటి ముక్క ఒకటి, ఆఫ్రికా ఏనుగుకు రెండు ఉంటాయి. ముక్కూ పైపెదవీ కలిసిపోయి, ఎముక లేకుండా కండతో ఎటంటే అటు వంగే ఈ అవయవం చేసే పని చేతి పనే. కాబట్టి ఇంకో జంతువుకు తొండం ఉందా లేదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, అది చేయిలా పట్టుకుంటుందా అని చూడండి. టేపిర్ ముక్కూ పైపెదవీ కలిసి ముందుకు వేలాడతాయి, వాటితో ఆకులను లాక్కుని తింటుంది. దానికి ‘పొట్టి తొండం’ అనవచ్చు. సముద్రంలో ఉండే ఏనుగు సీల్ మగదానికి వేలాడే ముక్కు ఉంది గానీ దాంతో అది దేన్నీ పట్టుకోదు, బిగ్గరగా అరవడానికి వాడుకుంటుంది. పేరులో ఏనుగున్నా దానిది ముక్కే.

యాంట్‌ఈటర్‌కు దవడలూ ముక్కూ కలిసి గొట్టంలా సాగుతాయి. పళ్లుండవు, కొసన చిన్న నోరు, దాని నుంచి బయటికి వచ్చే పొడవాటి నాలుక. పట్టుకోవడం, పెళ్లగించడం రెండూ ఆ మూతి పనులు కావు. పుట్టను తవ్వేవి గోళ్లు. అందుకే ‘గొట్టం లాంటి మూతి’ అనండి. దీన్ని మాత్రం అలుగు అని రాయకండి. అలుగు ఒంటినిండా పొలుసులున్న వేరే జంతువు, ఆసియా, ఆఫ్రికాల్లో ఉంటుంది. యాంట్‌ఈటర్ దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉండే బొచ్చు జంతువు. ఘరియల్‌కూ మూతే. సన్నని ఆ మూతిలో వందకు పైగా పళ్లుంటాయి. మగదానికి కొసన కుండలాంటి బుడిపె ఉంటుంది, కుండను హిందీలో ‘ఘడా’ అంటారు, పేరు దాని నుంచే వచ్చింది. చుంచుకు (ఇంగ్లీషులో ష్రూ) ‘మొనదేలిన మూతి’ చాలు, మనుషుల్ని చుంచుమొహం అని ఆటపట్టించేది దాన్ని చూసే. అన్నట్టు, చుంచు ఎలుక జాతిది కాదు, బొమ్మ కింద చుంచెలుక అని రాస్తే పక్కన ఒక వాక్యం చేర్చండి.

పురుగుల దగ్గర క్రియ మళ్లీ అక్కరకొస్తుంది. సీతాకోకచిలుక పూలతేనె పీల్చే గొట్టాన్ని పనయ్యాక చుట్ట చుట్టేస్తుంది. చేయిలా దేన్నీ పట్టుకోకపోయినా, తొండంలా వంగి చుట్టుకునే గుణం ఉంది కాబట్టి తొండం అంటే ఇబ్బంది లేదు. దోమ విషయంలో తొండం అనడం నాకు అంతగా నచ్చదు. దోమ కుడుతుంది అంటాం, బట్ట కుట్టడానికీ అదే క్రియ. దాని మూతిలో ఒక తొడుగు లోపల సన్నని సూదులు ఆరు ఉంటాయి. కాబట్టి పాఠ్యపుస్తకంలో తొండం అని రాసినా, పిల్లల కథలో ‘సూది మూతి’ అనండి. రక్తం తాగేది ఆడదోమే కాబట్టి ఆ వాక్యంలో ‘ఆడదోమ’ అని కూడా ఉండాలి.

పంది పుటలో ముట్టె అలాగే ఉంచండి. బహువచనం ముట్టెలు.