ఫ్యాక్టరీకి అడ్వాన్సు కట్టే ముందు

ఆమదాలవలస

అమ్మలూ,

నీ పసుపు లోషన్ చేసిపెట్టడానికి మూడు ఫ్యాక్టరీలు ఇచ్చిన కొటేషన్లు పంపావు కదా, చూశాను. హైదరాబాద్ వాళ్ళ రేటు మిగతా ఇద్దరికన్నా బాగా తక్కువ ఉంది కాబట్టి నీ మనసు అటే పోతోందని అర్థమైంది. అడ్వాన్సు మాత్రం ఇంకా పంపకు తల్లీ. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు క్వాలిటీ చూసినవాణ్ణి. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను?

ఇన్నాళ్ళూ నలుగుపిండి కలిపి చుట్టాలకీ స్నేహితులకీ ఇచ్చావు. పిండి నీ కళ్ళ ముందే ఆరింది, నీ చేత్తోనే జల్లించావు. ఇప్పుడు పసుపు లోషన్ వేరేవాళ్ళు చేస్తారు, సీసా మీద పేరు నీది. ఎవరి బుగ్గ మీదైనా దద్దురు వస్తే ఫోను నీకే వస్తుంది.

కాగితాలతో మొదలుపెట్టు. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం తయారీ లైసెన్సు సీఓఎస్-8 ఫారంలో ఇస్తారు. దాని కాపీ అడుగు. అందులో ఉన్న అడ్రసు, నువ్వు వెళ్ళి నిలబడే షెడ్డు అడ్రసు ఒకటేనా చూడు. కొంతమంది ఒకచోట లైసెన్సు పెట్టుకుని సరుకు ఇంకోచోట చేయిస్తారు. అనుమతి ఉన్న వస్తువుల జాబితా కూడా చదువు. సబ్బుకి అనుమతి ఉన్నంత మాత్రాన లోషన్‌కి ఉన్నట్టు కాదు. కాస్మెటిక్స్ తయారీ పద్ధతిగా ఉందని ఇచ్చే ఐఎస్ఓ 22716 సర్టిఫికెట్ ఉంటే మంచిదే. దాని మీద గడువు తేదీ చదివాకే మంచిదను.

ఇక వెళ్ళడం. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్‌కి నువ్వే వెళ్ళు, వీడియో కాల్‌లో చూపిస్తామంటే ఒప్పుకోకు. వెళ్ళగానే ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారు, శాంపిల్స్ ముందు పెడతారు. టీ తాగి, "నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో చూపించండి" అని అడుగు.

లోషన్‌లో సగానికి పైగా నీళ్ళే. ఆర్ఓ ప్లాంటు దగ్గర ఆగిపోకు. అక్కణ్ణుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి కలిపే పాత్రకి నీళ్ళు ఏ దారిన పోతాయో ఆ గొట్టం వెంట నడువు. ఎందుకింతగా చెబుతున్నానంటే, ఉద్యోగం మానేశాక ఒక స్నేహితుడి బ్రాండ్ కోసం ఓ చిన్న ఫ్యాక్టరీ చూసి, బాగుందని నేనే సంతకం పెట్టాను. నీళ్ళ రిపోర్టులన్నీ చక్కగా ఉన్నాయి. వానాకాలం వచ్చేసరికి సీసాల మూతలు ఉబ్బాయి, తీస్తే పుల్లటి వాసన. మళ్ళీ వెళ్ళి చూస్తే, పాత్రలు కడిగే రబ్బరు గొట్టం నేల మీద చుట్టగా పడి ఉంది. కొస ఎత్తితే నిన్నటి నీళ్ళు కారాయి, లోపల వేలు పెడితే జిగురు. రిపోర్టుకి నీళ్ళు పట్టింది ట్యాంకు దగ్గర, లోషన్‌లోకి పోయింది ఈ గొట్టం నీళ్ళు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ గొట్టాన్ని దాటుకునే నడిచాను. ఆ సరుకంతా పారబోశారు. నాకు ఇప్పటికీ బాధే. గొట్టాలు వాడాక నీళ్ళు ఓడ్చి, కొస కిందికి వేలాడేలా గోడకి తగిలించారా లేదా, ఇది నువ్వు కళ్ళారా చూడాలి.

తర్వాత రిజిస్టర్లు. పాత్రలు ఎప్పుడు కడిగారో రాసే రిజిస్టరు తీసి ఒక నెల పేజీలు తిప్పు. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే ఒరవడిలో ఉంటే ఒకే పూట కూర్చుని రాశారన్నమాట. రేపటి తేదీకి సంతకం ఉన్న పేజీ కూడా నేను చూశాను. గోదాములో నువ్వే ఒక శాంపిల్ సీసా ఎంచుకుని, ఆ బ్యాచ్ రికార్డు తెమ్మను. ఏ రోజు, ఏ సరుకు, ఏ లాటు, ఎంత తూచారు, ఎవరు తూచారు, అన్నీ అందులో ఉండాలి. పావుగంటలో తెచ్చిస్తే సంతోషం. రేపు మెయిల్ చేస్తామంటే అనుమానించు. ఫిర్యాదులు, తిరిగొచ్చిన సరుకు, పారేసిన బ్యాచిలు రాసుకునే పుస్తకం కూడా అడుగు. మాకు ఒక్క ఫిర్యాదూ రాలేదనే మాట నేను నమ్మను. ఫలానా బ్యాచి చెడింది, ఇందువల్ల చెడింది, ఇలా సరిచేశాం అని చూపించినవాళ్ళకి రూపాయి ఎక్కువైనా ఇస్తాను.

తూకం దగ్గర పనిచేసే ఆడవాళ్ళతో రెండు మాటలు మాట్లాడు. "పొడి కింద ఒలికితే ఏం చేస్తారమ్మా?" అని మామూలుగా అడుగు. వాళ్ళు చెప్పే జవాబు మేనేజరు చెప్పనివన్నీ చెబుతుంది.

నీ పసుపు సంగతి వేరే. రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి కలిపే మోసం పసుపులో ఉంది కనుక, పాడేరు నుంచి తెప్పించినా సరే, ప్రతి లాటూ ల్యాబులకి గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ ఒప్పుకున్న ల్యాబులో లెడ్‌కి పరీక్ష చేయించు. తయారైన లోషన్‌లో పాదరసం కూడా చూడమను, అనుకోకుండా చేరింది కూడా 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదని మన రూల్. ఇంకోటి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, లోషన్‌లో క్షారం ఎక్కువైతే నీ పసుపు రంగూ అలాగే మారుతుంది. ఎండకి వెలిసిపోతుంది కూడా. వాళ్ళిచ్చిన శాంపిల్లో ఒకటి కిటికీ దగ్గర, ఒకటి బీరువాలో పెట్టి నెలయ్యాక పక్కపక్కన చూడు.

ఒప్పందం గురించి లాయరు చెబుతాడు. ఫార్ములా ఎవరిది, ప్రతి బ్యాచి నుంచి శాంపిల్స్ దాచిపెట్టడం, చెప్పకుండా వచ్చి చూసే హక్కు, సరుకు వెనక్కి పిలవాల్సి వస్తే ఖర్చెవరిది, ఈ నాలుగూ తప్పకుండా రాయించు.

విజయనగరం సిరిమాను పండగకి సరుకు దింపాలని ఉందన్నావు. లోషన్ చెడకుండా నిలుస్తుందా అని 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో పెట్టి చూసే పరీక్షకే కనీసం మూడు నెలలు పడుతుంది. ఈ నెల మొదలుపెట్టినా పండగకి అందదు. సంక్రాంతికి పెట్టుకో, ఆ మూడు నెలల అద్దె నేను సర్దుతాను.

ఆదివారం పాసింజరుకి రా. ముగ్గురి లైసెన్సు కాపీలూ ఒక్కో శాంపిల్ సీసా తీసుకురా. క్షారం ఎంతుందో చూసే పీహెచ్ కాగితాలు నా దగ్గర ఉన్నాయి.

మీ మావయ్య